నాన్న కొట్టే చెక్కల చప్పుడు

ఇలా దగ్గరికి జరగండి పిల్లలూ. ఆ చివర కూచున్నదాన్ని కూడా రమ్మనండి, ఫోను పక్కన పెట్టి మరీ రమ్మనండి. మన మిడత పరుగు గురించి వీధిలో తలా ఒక రకంగా చెప్పుకుంటున్నారు. కాళ్ళ బలం అని ఒకరు, అదృష్టం అని ఒకరు. జరిగింది నేను చెబుతాను వినండి. ఆ ఇంట్లోనే ఉన్నదాన్ని, ఏ రోజు ఎవరు ఏ మాట అన్నారో, అన్నప్పుడు ఎవరి చేతిలో ఏముందో కూడా నాకు గుర్తే.

మిడత అంటే నా మనవరాలు. బడిలో పిల్లలు పెట్టిన పేరది. మూడో తరగతికి వచ్చేసరికి ఆ పిల్లలో కాళ్ళు తప్ప ఇంకేమీ కనిపించేది కాదు. కూచుంటే మోకాళ్ళు చెవుల దాకా వచ్చేవి. వాళ్ళ నాన్న, అంటే నా కొడుకు, వడ్రంగి. వాళ్ళమ్మ, అంటే నా కోడలు, బస్సు కండక్టరు. "అత్తయ్యా, మీ అబ్బాయి రోజంతా మాట్లాడే మాటలు నేను రెండు స్టాపుల మధ్య మాట్లాడేస్తాను" అనేది నా కోడలు. నిజమే. వాడు చెక్కతో మాట్లాడినంత మనుషులతో మాట్లాడడు.

ఆ ఏడు బడిలో ఆటల పోటీలు పెట్టారు. పందేలు మొదలుపెట్టడానికి డ్రిల్లు మాస్టారి దగ్గర ఒక పిస్తోలు ఉండేది. అది తుప్పు పట్టి పేలడం మానేసింది. ఆయన మా కొట్టుకి వచ్చి, "ఏదైనా గట్టిగా చప్పుడు చేసేది చేసిపెట్టవయ్యా" అన్నారు. నా కొడుకు మూరెడు పొడవు టేకు చెక్కలు రెండు తీసుకుని, ఒక కొసన బందు వేసి కలిపి, పట్టుకోవడానికి పిడులు బిగించాడు. రెండు చేతులతో టప్పుమని మూస్తే పక్కనున్న కలప అడితి మీది పావురాలన్నీ లేచిపోయాయి.

పోటీల రోజున అవి ఇచ్చి వద్దామని వెళ్ళాడు. మాస్టారు కొట్టి చూస్తే చెప్పు జారి పడ్డట్టు వచ్చింది చప్పుడు. "నీ చేతికి అలవాటైన వస్తువు, నువ్వే కొట్టవయ్యా" అన్నారాయన. అలా మిడత పరుగెత్తిన మొదటి పందేనికి చెక్కలు కొట్టింది వాళ్ళ నాన్నే. మూడో తరగతి ఆడపిల్లల యాభై మీటర్లు. మిగతా పిల్లలు ఆ చప్పుడేమిటా అని చూసేలోపల ఇది తాడు దాటేసింది.

ఆ సాయంత్రం వాడు ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కోకుండానే నా పక్కన కూచున్నాడు. "అమ్మా, అది పరుగెత్తలేదే. వదిలితే వెళ్ళిపోయింది" అన్నాడు. అదే మాట నాలుగుసార్లు అన్నాడు.

మర్నాటి నుంచి అడితి వెనక సందే వాళ్ళ మైదానం. రెండు పక్కలా గోడలు, మధ్యలో గీత గీసినట్టు తిన్నని దారి, నా కొడుకు అడుగులతో నూట పది. కాలు తన్నిపెట్టి లేవడానికి చెక్కతో దిమ్మెలు చేశాడు. పిల్ల కాళ్ళు పెరిగిన కొద్దీ ఏటేటా వాటికి కొత్త గాళ్ళు కోసేవాడు. రోజూ తెల్లవారుతుండగా వాడు చెక్కలు పట్టుకుని వెనక నిలబడేవాడు. "రెడీ... సెట్..." అనేవాడు, టప్పుమని కొట్టేవాడు, అది వెళ్ళిపోయేది. నేను పెరటి గుమ్మంలో టీ గ్లాసుతో కూచుని చూసేదాన్ని. ఆ రోజుల్లో మాకు గడియారంతో పని ఉండేది కాదు. చెక్కల చప్పుడు వినబడితే ఇస్త్రీ అతను బొగ్గులు రాజేసేవాడు, ఎదురింటి వాచీలాయన మంచం దిగేవాడు. ఎన్ని ఉదయాలు అలా గడిచాయో! ఇప్పటికీ కళ్ళు మూసుకుంటే ఆ చలి, ఆ రంపపు పొట్టు వాసన అన్నీ వచ్చి ఒళ్ళో కూచుంటాయి.

బడి తరఫున గెలిచింది. కాలేజీ తరఫున గెలిచింది. పతకాలు తెచ్చి నాన్న కొట్లో రంపాల పక్కన మేకులకు తగిలించేది. చివరికి పెద్ద క్యాంపు నుంచి పిలుపు వచ్చింది. అక్కడ రెండు నెలలు, ఇంట్లో ఒక నెల. పై దేశంలో జరిగే పోటీలకు జట్టును ఆ క్యాంపులోనే ఎంపిక చేస్తారు.

అక్కడే వచ్చింది చిక్కు. పెద్ద మైదానాల్లో చప్పుడు కాకముందు కాలు కదిలితే చాలు, ఫౌలని బయటికి పంపేస్తారట. రెండో మాట లేదు. దిమ్మెల్లోనే మిషను ఉంటుంది, రెప్పపాటు తేడాని కూడా పట్టేస్తుంది. మిడతకి వరసగా రెండు పెద్ద పోటీల్లో అదే జరిగింది. పరుగెత్తకుండానే తల వంచుకుని బయటికి నడిచింది. "ఎందుకు కదిలావమ్మా?" అని కోచ్ మేడం అడిగితే, "నాకు తెలీదు మేడం, వెళ్ళాలనిపించింది, వెళ్ళాను" అందట. మూడోసారి ఇలా అయితే జట్టులో పేరుండదని మేడం చెప్పేసింది. ఎంపిక పందెం మరో మూడు వారాల్లో ఉందనగా పిల్ల ఇంటికొచ్చింది. రెండు పూటలు అన్నం ముందు కూచుని మెతుకులు లెక్కపెట్టింది.

ఇక ఆ రోజు సంగతి. మామూలు ఉదయమే. నా కోడలు మొదటి డ్యూటీకి ఖాకీ చొక్కా వేసుకుని టికెట్ల సంచీ సర్దుకుంటోంది. నా కొడుకు ఆఫీసు బల్లలు నాలుగు ఆ పూటే ఇచ్చెయ్యాలని హడావిడిగా ఉన్నాడు. పెదాల మధ్య నాలుగు మేకులు బిగించుకుని పని చేస్తున్నవాడు, కూతురు పిలిస్తే మేకులతోనే వచ్చి చెక్కలు అందుకున్నాడు.

నోట్లో మేకులుంటే మాట ఎలా వస్తుంది? "సెట్" అన్నది "ఎఁట్" అని వచ్చింది. నేను నవ్వాను. వాడు టప్పుమని కొట్టాడు.

పిల్ల కదల్లేదు. ఒక క్షణం అలాగే ఉండిపోయి, తర్వాత తుళ్ళిపడ్డట్టు లేచింది.

వాడు మేకులు చేతిలోకి ఉమ్ముకుని, "నిద్రపోతున్నావా?" అన్నాడు.

"ఇంకోసారి కొట్టు నాన్నా."

కొట్టాడు. బాణంలా వెళ్ళింది. నడుచుకుంటూ వెనక్కి వచ్చి, "ఇప్పుడు మేకులు పెట్టుకుని కొట్టు" అంది.

"ఏంటే నీ ఆటలు? అవతల బల్లలు ఎదురు చూస్తున్నాయి."

"ఒక్కసారి నాన్నా."

మేకులు పెట్టుకుని కొట్టాడు. మళ్ళీ ఉండిపోయింది. పిల్ల మొహం పాలిపోయింది. లోపలికి వెళ్ళిపోయింది.

ఆ ఉదయం దానికేం తెలిసిందో మాకు తర్వాత తెలిసింది గానీ, మీకు ఇప్పుడే చెప్పేస్తాను. నా కొడుక్కి ఒక అలవాటుంది. సుత్తి దెబ్బ వేసే ముందు గొంతులో "హుఁ" అని ఊపిరి ఎగబీలుస్తాడు. ఏ దెబ్బకైనా అంతే. చెక్కలు కొట్టేటప్పుడూ అంతే. ముందు హుఁ, వెనకే టప్. మిడత పదమూడేళ్ళుగా పరుగెత్తుతున్నది టప్పుకి కాదు, ఆ హుఁకి. దానికీ తెలీదు, వాడికీ తెలీదు. చిన్న మైదానాల్లో పిస్తోలు పేల్చే మనిషి దూరంగా ఉంటాడు కాబట్టి ఇది కాస్త ఆలస్యంగా లేచినా కాళ్ళ వేగంతో అందుకునేది. పెద్ద మైదానాల్లో ఒక్కొక్కరి వెనకా ఒక్కో స్పీకరు పెడతారు. ఆ మనిషి పిస్తోలు పేల్చేముందు పీల్చిన గాలి కూడా చెవి పక్కన వినబడుతుంది. అది వినగానే ఇది వెళ్ళిపోయేది. మేకులున్న నోరు హుఁ అనలేదు కాబట్టి గుట్టు తెలిసింది.

తెలిసింది సరే, నాన్నకి చెప్పడం ఎలా? "నన్ను రెండుసార్లు బయటికి పంపించింది నువ్వే" అని ఏ నోటితో చెబుతుంది? సాయంత్రం దాకా గదిలో కూచుని, చివరికి వచ్చి, "రేపట్నుంచి నువ్వు సందులోకి రావద్దు నాన్నా" అంది.

వాడు బల్లకి నునుపు పడుతున్నాడు. చెయ్యి ఆగింది. "ఏం?"

"కోచ్ మేడం వద్దంది. బయటివాళ్ళ దగ్గర నేర్చుకోవద్దంది."

"బయటివాళ్ళంటే నేనా?"

అది తల తిప్పుకుంది. వాడు "సరే" అని మళ్ళీ నునుపు పట్టడం మొదలుపెట్టాడు. పట్టిన చోటే పడుతున్నాడు, నేను చూస్తున్నాను.

మర్నాడు సందులో చప్పుడు లేదు. ఇస్త్రీ అతను ఆలస్యంగా లేచి, "ఏమ్మా, ఒంట్లో బాగోలేదా అందరికీ?" అని గుమ్మంలోకొచ్చి అడిగాడు. మూడు రోజులు అలాగే గడిచాయి. తండ్రీ కూతుళ్ళు ఒకే గిన్నెలోంచి అన్నం వడ్డించుకుంటూ ఎదురుబొదురు గోడలతో మాట్లాడారు. నాలుగో రోజు మధ్యాహ్నం నా కొడుకు ఆగలేకపోయాడు. వాడంతట వాడే కోచ్ మేడంకి ఫోన్ చేశాడు.

సాయంత్రం నా కోడలు డ్యూటీ దిగి వచ్చేసరికి వాడు నట్టింట్లో నిలబడి ఉన్నాడు. పిల్ల బూట్ల తాళ్ళు కట్టుకుంటోంది.

"మేడంతో మాట్లాడాను" అన్నాడు.

తాళ్ళ మీద వేళ్ళు ఆగిపోయాయి.

"నావల్ల ఏదైనా తప్పుంటే చెప్పమ్మా, దిద్దుకుంటాను అన్నాను. ఆవిడ ఏమందో తెలుసా? 'నేనేమీ అనలేదండీ, మిమ్మల్ని ఎందుకు వద్దంటాను' అంది. నాకు మొహం ఎక్కడ దాచుకోవాలో తెలీలేదు. అబద్ధం ఎందుకు చెప్పావే?"

"వదిలెయ్యి నాన్నా."

"ఎలా వదిలెయ్యమంటావు? పెద్ద మైదానాలు చూశావు, ఎర్ర ట్రాకులు చూశావు. చెక్కలు కొట్టే నాన్న నామోషీ అయిపోయాడు. ఆ మాటేదో మొహం మీద చెప్పు, పడతాను. మధ్యలో ఆవిడ పేరెందుకు?"

"ఏమండీ, గొంతు తగ్గించండి, ఇది బస్సు కాదు" అంది నా కోడలు. అన్నాళ్ళూ ఆ మాట మేమే ఆవిడతో అనేవాళ్ళం. తర్వాత కూతురి వైపు తిరిగింది. "నువ్వైనా నోరు విప్పవే. పదమూడేళ్ళు నీకంటే ముందు లేచిన మనిషి. నూట రెండు జ్వరంతో కూడా వచ్చి నిలబడ్డాడు నీ వెనక."

"రాకపోయినా బాగుండేది!" అని అరిచింది పిల్ల.

నా కొడుకు మొహం చూడలేక నేను నేల చూపులు చూశాను. అరిచిన పిల్లకే ముందుగా కళ్ళ నీళ్ళు వచ్చాయి. చెంపలు తుడుచుకుని లేచి, వాడి చెయ్యి పట్టుకుంది.

"పద నాన్నా. చెక్కలు తీసుకో. సందులోకి పద."

అందరం వెళ్ళాం. అది దిమ్మెల మీద కాళ్ళు పెట్టి ఒంగింది. "ఎప్పటిలాగే చెయ్యి. కొట్టబోయి ఆగిపో. చప్పుడు మాత్రం చెయ్యకు."

"అదేం పిచ్చి?"

"చెయ్యి నాన్నా."

వాడు చెక్కలు ఎత్తాడు. "రెడీ... సెట్... హుఁ..."

చేతులు గాలిలోనే ఆగిపోయాయి. పిల్ల అప్పటికే సగం సందు దాటేసింది.

నా కోడలు దాని వైపు, చెక్కల వైపు, మార్చి మార్చి చూసింది. "చప్పుడే లేదు కదే! దేనికి పరుగెత్తావు?"

"నాన్న ఊపిరికి" అంది మిడత, అంత దూరం నుంచి.

నాకప్పుడే తట్టింది. ఆ హుఁ నా కొడుకుది కూడా కాదు. వాళ్ళ నాన్నది. ఆయన కూడా వడ్రంగే. కాపురానికొచ్చిన మొదటి రోజుల్లో గోడ అవతల కొట్లోంచి అది వినబడితే, మనిషి పనిలో ఉన్నాడని ధీమాగా వంట చేసుకునేదాన్ని. ఆయన పోయాక కొడుకు గొంతులో వినబడుతుంటే ఇల్లు ఖాళీ అయినట్టే అనిపించలేదు. వినీ వినీ ఇక చెవిన పడటం మానేసింది. పదమూడేళ్ళు పెరటి గుమ్మంలో కూచుని రోజూ విన్నదాన్ని, ఒక్కసారైనా "ఏరా, ఆ చప్పుడేమిటి ముందు?" అని అడిగి ఉంటే!

నా కొడుకు కలప దుంగ మీద కూలబడ్డాడు. "అయితే ఆ రెండుసార్లూ... నిన్ను బయటికి నడిపించింది నేనన్నమాట."

మిడత వచ్చి కాళ్ళ దగ్గర కూచుంది. "ఈ మాట నువ్వు అనకూడదనే నాన్నా అబద్ధం చెప్పాను. నా అంతట నేను మానేద్దామనుకున్నాను. ఫోన్లో చప్పుళ్ళు పెట్టుకుని చూశాను. కుదరలేదు. ప్రతి చప్పుడుకీ ముందు నీ కోసం ఆగుతున్నాను."

వాడు ఏడ్చాడు. నా కొడుకు ఏడవడం వాళ్ళ నాన్న పోయినప్పుడు చూశాను, మళ్ళీ అప్పుడే చూడటం. పిల్ల వాడి మోకాలి మీద తల పెట్టుకుంది. నా కోడలు ఖాకీ చొక్కా కొసతో ముక్కు తుడుచుకుంటూ నిలబడింది.

తర్వాత వాడు లేచాడు. "ఇంకా ఎన్ని రోజులుంది?"

"పదహారు."

చెక్కలు చంకలో పెట్టుకుని తిన్నగా ఇస్త్రీ అతని దగ్గరికి వెళ్ళాడు. ఎవరినీ ఏదీ అడగని మనిషి! "తమ్ముడూ, రేపొద్దున వచ్చి నా కూతురికి నాలుగుసార్లు చెక్కలు కొట్టాలి. నేను కొట్టకూడదు. నావల్ల ఒక తప్పు జరిగింది" అని జరిగిందంతా చెప్పాడు. అక్కణ్ణుంచి వాచీలాయన ఇంటికి వెళ్ళాడు. అడితి గుమస్తా దగ్గరికి వెళ్ళాడు. బడి నుంచి రిటైరై కర్ర పట్టుకు నడుస్తున్న డ్రిల్లు మాస్టారి దగ్గరికీ వెళ్ళాడు. ప్రతి గుమ్మంలోనూ ఆ తప్పు మళ్ళీ మొదటి నుంచి చెప్పాడు.

ఆ పదహారు రోజులు మా సందు చూడాలి మీరు! ఒకరిలా ఒకరు కొడితేనా? ఇస్త్రీ అతను "సెట్" అనకముందే బాదేసేవాడు. వాచీలాయన "సెట్" అని ఎటో చూస్తూ నిలబడితే పిల్ల చేతులు వణికేవి. "ఏమండీ, వాచీ ఆగిపోయిందా?" అని అరిచేది నా కోడలు. ఆవిడ వంతు వచ్చినప్పుడు "రైట్... రైట్!" అనేసింది అలవాటు కొద్దీ. పిల్ల నవ్వాపుకోలేక దిమ్మెల మీదే బోర్లా పడింది. నా చేత కూడా కొట్టించారు. నా చప్పుడు చెప్పు జారినట్టే వచ్చింది.

మొదటి రోజుల్లో పిల్ల కొయ్యలా ఉండిపోయేది, లేదంటే ముందే దూకేది. డ్రిల్లు మాస్టారు కర్ర నేల మీద కొట్టి, "చెవిలోంచి నాన్నని దింపి చప్పుడుని కూచోబెట్టమ్మా" అనేవారు. వారం గడిచాక దారికి వచ్చింది. పదో రోజున ఎవరు కొట్టినా, ఎలా కొట్టినా చప్పుడుతోనే లేచింది.

మరి నా కొడుకు? తన ఊపిరి కూడా వినబడకూడదని సందు ఆ చివరికి వెళ్ళి నిలబడ్డాడు, పరుగు ఆగే చోట. పదమూడేళ్ళు కూతురి వీపే చూసినవాడు. చెక్కలు కొట్టే మనిషికి కనబడేది వీపూ, మడమలూ, లేచిన దుమ్మూ. అక్కడ నిలబడ్డాకే మొదటిసారి అది తన వైపు పరుగెత్తుకు రావడం చూశాడు.

పిల్ల ఆగి రొప్పుతుంటే వాడు దాని మొహంలోకి అలా చూస్తూనే ఉన్నాడు.

"ఏంటి నాన్నా? సరిగ్గా లేవలేదా?"

"లేచావు. నువ్వు పరుగెత్తేటప్పుడు మొహం ఇలా పెడతావా?"

"ఎలా?"

"చిన్నప్పుడు నేను పని నుంచి వస్తుంటే గుమ్మం దూకి వచ్చేదానివి చూడు, నా సంచీ అందుకోవడానికి. అదే మొహం. ఇన్నేళ్ళూ నేను అటు పక్క నిలబడి ఇది పోగొట్టుకున్నానే."

ఈ మాటలు వాడే తర్వాత చెప్పాడు గానీ, అప్పుడు ఇద్దరూ నవ్వుతున్నారో ఏడుస్తున్నారో ఈ చివరి నుంచి నాకు తెలీలేదు. తెలుసుకోవాలనీ అనిపించలేదు.

ఎంపిక పందెంలో సరిగ్గా లేచింది, రెండోది వచ్చింది, జట్టులో పేరు నిలబడింది. పై దేశంలో పోటీ రోజున వీధి వీధంతా మా నట్టింట్లో టీవీ ముందే కూచుంది. మొదటి పందెం దాటింది. తర్వాతి దాంట్లో పక్క గీతలోని ఎవరో పిల్ల ముందే కదిలి బయటికి వెళ్ళింది. మన మిడత మాత్రం రాయిలా ఉంది. మళ్ళీ పెట్టారు. పేలింది. లేచింది చూడండి! "ఆ లేవడం నాది!" అని ఇస్త్రీ అతను ఎగిరాడు. "నాది! నేను ఆపి ఆపి నేర్పిందది" అని వాచీలాయన. పందెం అయిపోయాక కూడా వాళ్ళ తగువు తెగలేదు.

ఐదోది వచ్చింది. ఆఖరి పందేనికి వెళ్ళలేదు. కానీ అంత తక్కువ సమయంలో అది ఎప్పుడూ పరుగెత్తలేదట.

కాసేపటికి ఫోన్ వచ్చింది. మాట్లాడతామని అందరూ చేతులు చాపుతుంటే నా కోడలు ఫోన్ తీసుకెళ్ళి వాడి చేతిలో పెట్టింది. "చూశావా నాన్నా?" అనే మాట మా అందరికీ వినబడింది.

"చూశాను తల్లీ. ఎదురుగా నిలబడి చూశాను" అన్నాడు వాడు.

అదీ పిల్లలూ జరిగింది. ఇది గుర్తుపెట్టుకోండి. రేపు మీ పిల్లలు అడిగితే చెప్పండి, నేను లేకపోయినా చెప్పండి. ఒక్కటే కోరిక. మొదటి స్థానం వచ్చిందని మాత్రం పెంచి చెప్పకండి, ఐదోదనే చెప్పండి. వాళ్ళ నాన్న చేసిన తప్పు కూడా దాచకండి. కొలతలు ఇవ్వడానికి వచ్చిన ప్రతివాళ్ళనీ స్టూలు మీద కూచోబెట్టి, ఆ కథ తనే చెప్పుకుంటున్నాడు వాడు. మాటలు రాని నా కొడుకు!